బొట్టు పెట్టి కాదన్నాం

మా చుట్టాల్లో ఎవరింట్లో ఫంక్షన్ కుదిరినా వంటమనిషి కంటే ముందు నాకు ఫోన్ వచ్చేది. వంటమనిషి దొరక్కపోతే ఇంకొకరిని చూసుకోవచ్చు. పొద్దుటి నుంచి చివరి బంతి లేచేదాకా మైక్ పట్టుకుని మాట్లాడేవాడు, అదీ ఉత్తగా, దొరకడం కష్టం.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. ఉండేది సూర్యాపేటలో, కిరాయి ఇంట్లో. పొద్దున్నే బస్సెక్కి పోతాను, పొద్దుగూకాక బస్సెక్కి వస్తాను. మధ్యలో వడ్లలో తేమ గురించి, తరుగు గురించి, నిలబడిపోయిన లారీల గురించి జనం నా మీద అరుస్తారు. నేను నిదానంగా సమాధానం చెబుతాను. ఆదివారం ఫంక్షన్ హాల్లో నేను అరుస్తాను, జనం నిదానంగా మటన్ తింటారు. వారం మొత్తం మీద చూస్తే న్యాయం జరిగినట్టే లెక్క.

ఇది మొదలైంది మా చిన్నాయన బిడ్డ పెళ్ళిలో. పాటలు పాడేవాళ్ళ వ్యాన్ దారిలో ఆగిపోయింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఊరికే కూర్చుని ఏర్పాట్లలో లోపాలు వెతకడం మొదలుపెట్టారు. ఎవరో నా చేతిలో మైక్ పెట్టి, "డిగ్రీ చదివినవ్ గదా, ఏమన్న మాట్లాడు" అన్నారు. బీకాంలో అట్లాంటి పాఠం లేదు. అయినా మాట్లాడాను. ఐస్‌క్రీం దగ్గర వరుడి బంధువులు చూపిస్తున్న క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పాను. హాలు నవ్వింది. ఆ రోజు నవ్వకపోయి ఉంటే నా జీవితం వేరేగా ఉండేది.

మైక్ పట్టడమంటే కళాకారుడి పని అనుకునేరు. అందులో ఎక్కువ భాగం గేటుకు అడ్డంగా పెట్టిన బండిని తీయమని బతిమాలడం. తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు చెప్పడం. ఫోటోలకు మేనమామల్ని స్టేజి మీదికి పిలవడం, పిలిచిన వరసలో తేడా వస్తే వాళ్ళు దిగాక తిట్లు తినడం. భోంచేయకుండా ఎవరూ పోవద్దని, అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉన్నవాళ్ళకు విన్నవించడం. ఈ మధ్యలో నవ్వించడం.

ఇదంతా నాకు ఇష్టమని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళు నేనూ అనుకున్నాను. నా కడుపు మాత్రం ఒప్పుకోలేదు. గురువారం నాడే అది మెలితిప్పడం మొదలుపెట్టేది. శుక్రవారం అన్నం తగ్గేది. శనివారం మిల్లులో తూకం కాగితాల మీద సంతకాలు పెడుతూ, లోపల మాత్రం "మేనమామలు స్టేజి మీదికి రావాలి" అని వరసలు సరిచూసుకుంటూ ఉండేవాణ్ణి. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలు బాత్రూంలో కాసేపు నిలబడి, మొహం కడుక్కుని, నవ్వు పెట్టుకుని బయటికి వచ్చేవాణ్ణి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉన్న ఫంక్షన్ హాళ్ళలో ఏ బాత్రూం గొళ్ళెం సరిగ్గా పడుతుందో ఈ జిల్లాలో నా అంత తెలిసినవాడు లేడు.

కాదనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మావాళ్ళు పిలిచే తీరు మీకు తెలిస్తే అడగరు. భార్యాభర్తలు ఇద్దరూ వస్తారు. కార్డుకు నాలుగు మూలలా పసుపు ఉంటుంది. ఆవిడ నా భార్యకు బొట్టు పెడుతుంది. మంచినీళ్ళు, చాయ్, బాగోగులు అన్నీ అవుతాయి. మైక్ మాట ఎక్కడా రాదు. లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆయన అంటాడు, "మైక్ సంగతి ఇగ నీదే." ఒక కాలికి చెప్పు వేసుకుని ఇంకో కాలితో తడుముకుంటున్న పెద్దమనిషితో వాదన ఎట్లా పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. నేను కాదంటే నవ్వుతారు. "నేను రాను" అంటే నవ్వుతారు. "నిజంగా రాను" అంటే ఇంకా నవ్వుతారు. గొంతు బాగాలేదని ఒకసారి అబద్ధమాడితే మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసుకుని హాలుకు తెచ్చారు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో, "ఇకనుంచి ఫంక్షన్లలో మైక్ పట్టను, దయచేసి అర్థం చేసుకోండి" అని రాశాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. "సూపర్ అన్నా" అన్నాడు ఒకడు. ఇంకొకడు ఇది ఏ ఫంక్షన్లో చెప్పబోయే డైలాగ్ అని అడిగాడు.

మైక్ ముందర నా మాట ఆగిపోయిన ఆదివారం సూర్యాపేటలోనే వచ్చింది. హాలు నిండా జనం. పంచెలు కట్టించే పిల్లవాడు స్టేజి మీద కూర్చుని ఉన్నాడు. నేను మైక్ నోటి దగ్గర పెట్టుకుని "అందరికీ" అన్నాను. తరవాతి మాట రాలేదు. ఏ మాటా రాలేదు. చెవుల్లో మిల్లు తిరుగుతున్న చప్పుడు. వేళ్ళు మైక్‌కు అతుక్కుపోయాయి. నోరు తెరిచి, ఫ్యాన్ వంక చూస్తూ నిలబడ్డాను. మొదట ముందు వరస నవ్వింది. తరవాత వెనక వరస. తరవాత హాలంతా. నేను ఎంతసేపు కదలకపోతే అంతసేపు నవ్వారు. ఇంతవరకు నేను చేసినవాటిలో అదే బాగుందని బయట చెయ్యి కడుక్కునే దగ్గర చాలామంది చెప్పారు.

మర్నాడు డాక్టర్ దగ్గరికి పోయాను. ఛాతీకి వైర్లు పెట్టి చూశారు. గుండె బాగుందన్నారు. గ్యాస్ అయ్యుండొచ్చు, లేదా టెన్షన్ అయ్యుండొచ్చు, దేనికి టెన్షన్ పడుతున్నారని అడిగారు. ఎక్కడ మొదలుపెట్టాలా అని నేను ఆలోచిస్తుండగా ఆయన నన్ను పరీక్షగా చూసి, "మీరు మైక్ ఆయన కదా?" అన్నారు. వాళ్ళ తమ్ముడి ఇంట్లో త్వరలో ఫంక్షన్ ఉందట. నేను షర్టు గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చేశాను.

కాలువ సంగతి ఇట్లా మొదలైంది. ఒక ఆదివారం కోదాడ నుంచి బండి మీద వస్తున్నాను. ఇంటికి పోతే ఇంకో కార్డు వచ్చి ఉంటుందేమోనని మునగాల దగ్గర బండి పక్కదారి పట్టించాను. కాలువ కట్ట మీద ఇద్దరు ముసలివాళ్ళు గాలాలు వేసుకుని కూర్చున్నారు. నేనూ పోయి కొంచెం దూరంలో కూర్చున్నాను. వాళ్ళు నన్ను చూశారు, ఏమీ అడగలేదు. ఏ ఊరు, ఏం పని, ఎవరి కొడుకువి, ఏదీ అడగలేదు. మా ప్రాంతంలో ఇట్లాంటిది జరుగుతుందని నేను అనుకోలేదు. చాలాసేపటికి ఒకాయన "పడ్తలేవ్" అన్నాడు. ఇంకొకాయన ఒప్పుకున్నాడు. ఆ పూట జరిగిన మాటలు అవే.

మా నాన్న తుంగతుర్తి దిక్కు గొర్లు కాసేవాడు. పొద్దంతా మంద వెనక తిరిగి వచ్చి, ఇంట్లో కూడా గొర్లతో మాట్లాడినట్టే రెండు మూడు కూతలతో సరిపెట్టేవాడు. ఆయన కొడుకు మైక్ పట్టుకుని హాళ్ళు నవ్విస్తాడని అప్పట్లో ఎవరైనా చెబితే ఆ మంద కూడా నమ్మేది కాదు. కట్ట మీద కూర్చున్నప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు. వారం మొత్తంలో కడుపు కుదురుగా ఉన్నది ఆ పూటే.

గాలం కొన్నాను. ఎర్రలను పాత పచ్చడి సీసాలో వేసుకున్నాను. ఫంక్షన్ లేని ఆదివారం ఒకటి దొరికితే పోయాను. ఒక చిన్న చేప పడింది. నా భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మనకు కూరనా, మనమే దీనికి ఏమన్న పెట్టాల్నా?" అంది. కానీ ఆ సాయంత్రం నేను రెండోసారి అన్నం పెట్టించుకోవడం ఆవిడ చూసింది. అంగన్‌వాడీలో పిల్లలు ఎంత తింటున్నారో చూడడం ఆవిడ ఉద్యోగం.

అప్పుడే అనుకున్నాను, ఆదివారాలు కాలువకు ఇవ్వాలని. ఫంక్షన్‌కు పోవాల్సి వస్తే పోతాను, తింటాను, వస్తాను. మైక్ మాత్రం పట్టను. అనుకోవడం తేలిక. కోదాడలో మా మేనత్త మనవరాలికి చీరల ఫంక్షన్ పెట్టుకున్నారని అదే వారం తెలిసింది.

మా మేనత్త మా నాన్నకు అక్క. మా ఇంటి పెద్ద ఆడబిడ్డ. నేను డిగ్రీ చదివింది కోదాడలో, ఆవిడ ఇంట్లో ఉండి, ఆవిడ వండింది తిని. తన కొడుక్కు, నాకు తేడా లేకుండా పెట్టింది. తిట్లు మాత్రం నాకు కొంచెం ఎక్కువ పడేవి, అవి కూడా ప్రేమతోనే అని నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. ఆ ఇంట్లో నుంచి నేను ఎప్పుడూ ఆకలితో బయటికి రాలేదు. ఎవరికి కాదన్నా చెల్లుతుందేమో గాని ఆవిడకు కాదంటే ఆ గడప ఇక నాది కాదేమోనని భయం. ఆ భయం గురువారం కోసం కూడా ఆగలేదు. సోమవారమే మొదలైంది.

"ఫోన్ల చెప్తే మీవోళ్ళకు లెక్కల రాదు," అంది నా భార్య. "బొట్టు పెట్టి చెప్పినదే మాట. మనం కూడ పోదాం. పిలిచేటోళ్ళు ఎట్ల పిలుస్తరో, గట్లనే పోయి కాదని చెప్దాం."

ఆవిడ సగం నవ్వుతూ అంది. నాకు మాత్రం అది వెలుగులా కనిపించింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మాట వదలడం మాకూ వచ్చు కదా.

"ఒక్కటి గుర్తు పెట్టుకో," అంది మళ్ళీ. "చెప్పేటప్పుడు నవ్వొద్దు. పిల్లల్ని పండుకోమని చెప్పి నేను నవ్విననుకో, ఒక్కడు పండుకోడు."

కుంకుమ భరిణె, అరటిపండ్లు పట్టుకుని బయలుదేరాం. మొదట మిర్యాలగూడలో చిన్నాయన దగ్గరికి పోయాం. మిల్లు అక్కడే కాబట్టి, శనివారం పని అయ్యాక అట్నుంచి అటే పోవచ్చని నా ఆలోచన. నా భార్య సూర్యాపేట నుంచి బస్సులో వచ్చి కలిసింది. అదే తప్పు. అది తప్పని అప్పటికి నాకు తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు.

చిన్నాయన బడిపంతులుగా రిటైరయ్యాడు. ఇంట్లో కూడా ఇంకా హాజరు తీసుకుంటున్నట్టే మాట్లాడతాడు. తలుపు తీసిన చిన్నమ్మ భరిణెను చూడగానే మొహం ఇంత చేసుకుంది.

"ఓయమ్మ! ఏం చేస్తుండ్రు బిడ్డా? ఇల్లు కొన్నరా?"

నా భార్య బొట్టు పెట్టింది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. లోపలి నుంచి చిన్నాయన వచ్చాడు.

"ఎప్పుడురా ఫంక్షన్?"

"ఫంక్షన్ కాదు చిన్నాయనా. ఆదివారాలు..."

"ఆదివారమా? ఏ ఆదివారం?"

"అన్ని ఆదివారాలు."

"అన్ని ఆదివారాలు ఫంక్షన్ చేస్తవా? ఎక్కడ?"

"మునగాల కాలువ కాడ. ఫంక్షన్ కాదు..."

"కాలువ కాడ హాలెప్పుడు కట్టిండ్రు?"

నవ్వొద్దన్న మాట గుర్తుంది. నవ్వలేదు. నవ్వకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇక మైక్ పట్టనని, ఆదివారం గాలం వేసుకుని కూర్చుంటానని, నా మనసుకు అది కావాలని. చిన్నాయన కళ్ళజోడు తీశాడు. ఆయన కళ్ళజోడు తీస్తే బడిలో పిల్లలు చేతులు చాపేవారట.

"చేపల కోసమా?"

"చేపల కోసమని కాదు..."

"కిలో చేపలు నేను కొనిస్త. రెండు కిలోలు కొనిస్త. గింత దానికి బొట్టు పెట్టుకుంట తిరగాల్నా?"

"ఎందుకు, ఎవలన్న ఏమన్న అన్నరా?" అంది చిన్నమ్మ. "మా మనుమని ఫంక్షన్ల నిన్ను ముందు వరసల కూసోబెట్టలేదనా?"

"అట్లేం లేదు చిన్నమ్మా."

"మరేంది?" అన్నాడు చిన్నాయన. "చదువుకున్నోళ్ళు చదువుకున్నోళ్ళ తీర్గ ఉండాలె. మాట్లాడేటోడు మాట్లాడాలె. చేపలు పట్టేటోడు చేపలు పట్టాలె. అందరు అన్నీ చేస్తే ఎట్ల నడుస్తది?"

దీనికి నా దగ్గర మంచి జవాబు ఒకటి ఉంది. చెబితే నవ్వుతాడు, నవ్వితే నేను చెప్పింది కొట్టుకుపోతుంది. మింగేశాను. ఒక జోక్‌ను మింగడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు. గొంతులో ముల్లులా ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మైక్ సంగతి ఇగ మీరే చూసుకోవాలె" అన్నాను. అనుకున్నంత బాగా రాలేదు. చెప్పులు కూడా తారుమారయ్యాయి.

బస్సు ఇంకా సూర్యాపేట చేరలేదు, ఫోన్ మోగింది. మేనత్త.

"ఏం కొడుకా. మిర్యాలగూడల బొట్టు పెట్టి పిలిచినవట."

నాకు అప్పుడు తట్టింది. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యానికైనా మొదటి బొట్టు పెద్ద ఆడబిడ్డకు పెట్టాలి. ఆవిడ ఇంటికి పోయి, ఆవిడ కాళ్ళు మొక్కి, తరవాతే ఇంకో గడప. ఈ వరస తప్పి పెళ్ళిళ్ళలో మాటలు బందైన అన్నాచెల్లెళ్ళు మాలో ఉన్నారు. నేను వాళ్ళ మీద స్టేజి మీద జోకులు కూడా వేశాను. ఇప్పుడు బస్సు దారిలో ఉందని, మిల్లుకు దగ్గరని, మొదటి బొట్టు మిర్యాలగూడలో పెట్టించి వచ్చాను.

"పిలుపు కాదు అత్తమ్మా..."

"పిలుపు కాకపోతే బొట్టెందుకు పెడ్తరు?"

"వచ్చి చెప్త."

"రా," అంది. ఫోన్ పెట్టేసింది. మామూలుగా ఆవిడ ఫోన్ పెట్టే ముందు తిన్నవా అని అడుగుతుంది.

మర్నాడు పొద్దున్నే కోదాడ పోయాం. బండి మీద నా భార్య వెనక కూర్చుని, ఒళ్ళో పండ్ల సంచి. నేను దారంతా మాటలు కూర్చుకుంటున్నాను. మునగాల దగ్గర కాలువ దాటుతున్నప్పుడు కట్ట వైపు చూడలేదు. చూస్తే అక్కడే దిగిపోతానని భయం.

మా బావకు, అంటే మేనత్త కొడుక్కు, ఎరువుల దుకాణం ఉంది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. చీరల ఫంక్షన్ కార్డులు కట్టలు కట్టలుగా మంచం మీద పరిచి పసుపు పెడుతున్నాడు. నన్ను చూసి ఒక కార్డు నా ముందు ఆడించాడు. కార్డు కింద, బంధుమిత్రుల పేర్ల కన్నా పెద్ద అక్షరాల్లో, వ్యాఖ్యానం అని వేసి నా పేరు అచ్చు వేయించాడు.

"ఎట్లుంది బామ్మర్దీ? బంగారు రంగులో వేయించాను. నీ పేరు చూసే సగం మంది వస్తారు."

మేనత్త వంటింట్లో నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నా భార్య బొట్టు పెట్టి కాళ్ళకు మొక్కింది. నేనూ మొక్కాను. ఆవిడ చెయ్యి తల మీద పెట్టింది గాని, దీవించలేదు. పెదవులు బిగించి నా వైపు చూసింది.

"చెప్పు. ఏం ఫంక్షన్?"

"అత్తమ్మా," అన్నాను. కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. మళ్ళీ నోరు తెరిచి నిలబడతానేమో, వీళ్ళు నవ్వుతారేమో అనిపించింది. నా భార్య వైపు చూశాను. ఆవిడ, పిల్లలు పడుకునేదాకా నిలబడే మనిషిలా, ఏ భావమూ లేకుండా నిలబడి ఉంది.

"ఫంక్షన్ లేదు. నేను ఇగ మైక్ పట్ట. ఎవరికీ పట్ట. మన పిల్ల ఫంక్షన్‌కు వస్త, నీళ్ళు పొయ్యమంటే పోస్త, కుర్చీలు మోస్త. మైక్ మాత్రం పట్ట. ఆదివారాలు మునగాల కాలువ కాడ కూసుంట. అది చెప్పనీకే వచ్చిన."

బావ పగలబడి నవ్వాడు. "మళ్ళీ షురూ చేశాడమ్మా! అదే మొహం. మొన్న సూర్యాపేటలో చేశాడే, ఏం మాట్లాడకుండా నిలబడి, అదే మొహం!"

మేనత్త నవ్వలేదు.

"ఎందుకు?" అంది నన్నే చూస్తూ.

"భయమైతది అత్తమ్మా."

"నీకా?"

"నాకే. పట్టుకున్నప్పటిసంది భయమే. సూర్యాపేటల నేను చేసింది కామెడీ కాదు. మాట రాలే. అంతే."

బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కానీ నవ్వులో బలం తగ్గింది. చేతిలోని కార్డును చూసుకున్నాడు. "అచ్చయిపోయాయి కదా మరి," అన్నాడు నెమ్మదిగా. "నన్నొక్క మాట అడిగి ఉంటే..."

"నువ్వు నన్ను అడిగినవా బావా?"

ఇది నేను అన్నానా అని నేనే ఆశ్చర్యపోయాను. గొంతు కొంచెం పైకి లేచింది. వెంటనే తగ్గించుకుని, కార్డుల మీద నా పేరు కనబడకుండా స్టిక్కర్లు అంటించే పని నేను చేస్తానన్నాను. వీధిలో కూరగాయల బండివాడి స్పీకర్ టమాటాల గురించి మాట్లాడుతోంది. ఆ క్షణాన వాడిని చూస్తే అసూయ కలిగింది. వాడి మాటలు ముందే రికార్డు చేసి ఉన్నాయి.

మేనత్త లేచింది. అరటిపండ్లు లోపల పెట్టింది. "సరే," అంది. మళ్ళీ బయటికి రాలేదు.

మేము కాసేపు కూర్చున్నాం. పప్పు పోపు వాసన వస్తోంది. భోజనాల వేళ అయింది. అన్నం తిని పొండి అన్న మాట వంటింట్లో నుంచి రాలేదు. నా భార్య నా మోకాలి మీద తట్టింది. లేచాం. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చెప్పాల్సిన మాట ఏదీ మిగల్లేదు.

వచ్చేటప్పుడు హైవే మీద ధాబా దగ్గర ఆగుదామా అని అడిగింది నా భార్య. నాకు ఆకలి లేదన్నాను. ఆ ఇంట్లో నుంచి తినకుండా రావడం అదే మొదటిసారి. ఆ విషయం కడుపుకు కూడా అర్థమైనట్టుంది. అది మెలితిప్పడం మానేసి, ఖాళీగా కూర్చుంది.

ఆ వారం ఫోన్ మోగలేదు. ఫోన్ మోగకూడదనే కదా ఇదంతా చేసింది. మోగకపోతే ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోలేదు. మిల్లులో పనిచేస్తూ మాటిమాటికీ తీసి చూసేవాణ్ణి, సిగ్నల్ ఉందా లేదా అని. వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం చెప్పే చిన్నాయన కూడా పెట్టలేదు. నన్ను వదిలేసి ఇంకో గ్రూపు పెట్టుకున్నారేమోనని అనుమానం వచ్చింది. మా వాళ్ళు దానికి సమర్థులే.

ఆదివారం వచ్చింది. పోవాలని లేదు. ఇంత చేసి పోకపోతే మరీ అన్యాయమని పోయాను. ఎండ అప్పటికే గట్టిగా ఉంది. ముసలివాళ్ళిద్దరూ వాళ్ళ చోటులో ఉన్నారు. నేను నా చోటులో కూర్చుని గాలం వేశాను. గాలం దారానికి కట్టిన బెండు నీళ్ళ మీద ఆడుతోంది. దాన్ని చూస్తున్నాను గాని నా మనసు మొత్తం కోదాడలో, ఆ వంటింటి గుమ్మం దగ్గర ఉంది. ఏం సంపాదించాను నేను? ఒక బెండు. పొద్దంతా దాన్ని చూసే హక్కు. దీని కోసం మా మేనత్త చేతి అన్నం పోగొట్టుకున్నాను. చిన్నాయన ఇస్తానన్న రెండు కిలోలు తీసుకుని ఉంటే అందరికీ బాగుండేది.

కట్ట మీద ఆటో ఆగిన చప్పుడైంది. తిరిగి చూశాను.

మేనత్త దిగుతోంది. పట్టుచీర కట్టుకుంది. తలలో పూలు పెట్టుకుంది. ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఒక చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. ఆటో అతను అటూ ఇటూ చూస్తున్నాడు, పట్టుచీర మనిషిని ఇక్కడ దింపడం సరైనదేనా అని. నేను గాలం పక్కన పడేసి లేచి ఎదురుపోయాను.

"అత్తమ్మా? ఏందిట్ల వచ్చినవ్?"

"బొట్టు పెట్టి పోయినవ్ గదా," అంది కట్ట దిగుతూ, నా భుజం పట్టుకుని. "రాకపోతే బాగుంటదా? రెండో బొట్టన్న పెట్టినవ్."

ఆ రెండో అన్న మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. తువ్వాలు పరిచాను. కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని చుట్టూ చూసింది. కాలువ, తుమ్మచెట్టు, దూరంగా ఇద్దరు ముసలివాళ్ళు.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంకెవలు రారా?"

"ఎవరు రారు."

"ఏం చేస్తరు మరి?"

"ఏం చెయ్యం అత్తమ్మా. కూసుంటం."

ఆవిడకు అది నమ్మకం కలిగించలేదు. కోదాడలో కొత్తగా పడ్డ రోడ్డు గురించి చెప్పింది. చిన్నాయన ఫోన్ చేసి నా గురించి ఏమన్నాడో చెప్పింది, అందులో కొన్ని మాటలు చిన్నాయనవి కావు, ఆవిడవే. చీరల ఫంక్షన్ వంటల గురించి మొదలుపెట్టింది. గొంతు పెద్దది, కాలువ మీద బాగా పారుతోంది. ముసలివాళ్ళలో ఒకాయన మా వైపు తిరిగి చూశాడు, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

ఇంత దూరం ఎండలో వచ్చిన మనిషి. అన్నం తెచ్చిన మనిషి. ఊరుకో అని ఎట్లా చెబుతాను? చెప్పకపోతే ఇది ఇక కాలువ కాదు, ఇంకో ఫంక్షన్ హాలు. వచ్చే ఆదివారం చిన్నమ్మ వస్తుంది, ఆ పై ఆదివారం బావ మైక్ కూడా తెస్తాడు.

"అత్తమ్మా," అన్నాను. "జర మెల్లగ. ఈడ మాట్లాడరు."

ఆవిడ నన్ను చూసింది. డిగ్రీ రోజుల్లో నేను పరీక్ష పోయానని చెప్పినప్పుడు చూసినట్టు. లేచి ఆటో పిలుస్తుందనుకున్నాను. నేను గాలం కర్రను మళ్ళీ అందుకుని నీళ్ళ వైపు తిరిగాను, ఆవిడ మొహం చూసే ధైర్యం లేక.

కాసేపటికి స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడైంది. పప్పు, వంకాయ కూర. డబ్బాను నా పక్కన, చెయ్యి అందేంత దూరంలో పెట్టింది. నేను ఒక చేత్తో గాలం పట్టుకుని ఇంకో చేత్తో తిన్నాను. కారం ఎక్కువైంది. కావాలనే వేసిందేమోనని అనుమానం, అడగలేదు.

ఆవిడ కూడా బెండును చూస్తూ కూర్చుంది. ముందు, ఇది ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నట్టు. తరవాత ఉత్తగానే. పూలు వాడుతున్నాయి. ఎండ చీర అంచు మీద పడింది.

హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది. ముసలివాళ్ళిద్దరూ ఒకేసారి తిరిగారు. ఆవిడ కంగారుగా వెతికి తీసింది. బావ గొంతు ఫోన్ బయటికి కూడా వినిపిస్తోంది. ఒప్పుకున్నాడా లేదా, హాలువాళ్ళు అడుగుతున్నారు, ఒకసారి వాడికి ఇవ్వు, నేను మాట్లాడతాను అంటున్నాడు.

నేను ఆవిడ వైపు చెయ్యి చాపలేదు. చాపకుండా ఉండడానికి కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

ఆవిడ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని, తన జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత నెమ్మదిగా అంది, "వాడు పని మీదున్నడురా. మైక్‌కు ఇంకెవల్నన్న సూసుకో."

అవతల బావ ఏదో అన్నాడు.

"ఏం పనో నాకెర్క లేదు. కూసున్నడు. పెట్టెయ్, ఈడ మాట్లాడొద్దట."

ఫోన్ బ్యాగులో వేసింది. నా వైపు చూడలేదు. కోపం పోయిందని గాని, పోలేదని గాని చెప్పలేదు. ఫంక్షన్ ఇంకా ముందుంది, కార్డుల మీద నా పేరు బంగారు రంగులో అట్లాగే ఉంది, చిన్నాయన కళ్ళజోడు తీసే ఉన్నాడు. ఇవన్నీ నేను ఆ బెండు చుట్టూ తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాను.

కాసేపటికి ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"ఎప్పటిదాక ఉంటవ్?"

"పొద్దుగూకేదాక."

"గిట్లనే?"

"గిట్లనే."

ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది. "అయితే జర అటు జరుగు," అంది. "నీడంత నువ్వే తీసుకున్నవ్."